గీత ఉన్న తీగ

"అయిదు గంటలకి ఈవిడ్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను. ఆలోగా ఏం అడుగుతారో అడుక్కోండి గురువుగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలోంచి లేవకుండానే.

గోడ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. డిటెక్టివు పెన్ను మూత తీశాడు. పదేళ్ల కిందట ఇదే స్టేషన్లో ఈ ఇన్‌స్పెక్టరు అతని కింద ఎస్సై. అతనికి 'చాదస్తం' అని పేరు పెట్టింది కూడా ఈ మహానుభావుడే. ఉద్యోగం వదిలేసినా పేరు వదల్లేదు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివుగా ఎక్కడికి వెళ్లినా అతనికన్నా ముందు ఆ పేరే గుమ్మం దాటుతుంది. కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

ఆ గురుశిష్యుల మధ్య ఒక చచ్చిన మనిషి ఉన్నాడు. గిడ్డంగి దొంగతనంలో ఇరుక్కున్న ఒక వాచ్‌మన్. సాక్ష్యం సరిపోలేదని తెలిసీ ఎస్సై కేసు కాగితం రాశాడు. ఆ రోజు తలనొప్పిగా ఉండి, చదవకుండా సంతకం పెట్టాడు చాదస్తం. వాచ్‌మన్ జైల్లోనే పోయాడు. ఆర్నెల్ల తర్వాత అసలు దొంగ దొరికాడు. రాసినవాడికి ప్రమోషన్ వచ్చింది. సంతకం పెట్టినవాడికి నిద్ర పోయింది. జీవితంలో ఒక్కరోజు చాదస్తం మానినందుకు ఒక ప్రాణం ఖర్చయిందని అతను మర్చిపోలేడు. ఇప్పుడు అదే బల్లకి అటుపక్క ఇంకో మనిషి కూర్చుని ఉంది.

ఆమె హత్య జరిగిన ఇంటి కోడలు. మొన్న మధ్యాహ్నం ఆమె మావగారు, రేడియో స్టేషన్లో ముప్పై ఏళ్లు సౌండ్ ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన, పాటలు వినే గదిలో కుర్చీలోనే మెడకి ఉరి బిగిసి చచ్చిపోయారు. చూసి కేకపెట్టింది ఆమె. పట్టుకెళ్లింది ఆమెనే.

"మొదటినుంచీ చెప్పమ్మా. గంటలతో సహా" అన్నాడు చాదస్తం, ఎడమ చెవి ఆమె వైపు ఉండేలా కుర్చీ జరుపుకుని. అతనికి కుడి చెవి పనిచేయదు.

"ఎన్నిసార్లు చెప్పను సార్? పొద్దున్న షాపాయన మూడు జతల స్పీకరు తీగలు ఇచ్చి వెళ్లాడు, విని నచ్చింది ఉంచుకోమని. భోజనాలయ్యాక రెండింటికి మొదలుపెట్టాం. మావయ్యగారు కళ్లకి తువ్వాలు కట్టుకుని కూర్చుంటారు. యాంప్లిఫయరు ఆయన వెనక అరలో ఉంటుంది. నేను అక్కడ నిలబడి ఒక జత తీసి ఇంకో జత తగిలిస్తాను. 'ఒకటి' అంటాను, 'రెండు' అంటాను. ఏది ఏదో ఆయనకి తెలియకూడదు. చూస్తే కన్ను వెళ్లి చెవికి చాడీలు చెబుతుందంటారు."

"పాట?"

"అన్నిటికీ ఒకటే పాట, ఒకటే వాల్యూము. ఒక గొంతు, ఒక పెద్ద డ్రమ్ము, అంతే. ఆయన విని, గుడ్డ పైకి తోసి పుస్తకంలో రాసుకుని, మళ్లీ కట్టుకుంటారు."

ఆ పుస్తకంలోని ఆఖరి పేజీ నకలు చాదస్తం జేబులో ఉంది. 'ఒకటి: తళుకు ఎక్కువ, గొంతు తక్కువ. రెండు: పాటకి దుప్పటి కప్పారు. మూడు: మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇదే. 3.10.'

"మూడోది ఏ తీగ?"

"అన్నిటికన్నా మామూలుది. మొదటిది బొటనవేలంత లావు, పైన పట్టు అల్లిక. రెండోది వెండి రంగు. మూడోది రెండు తీగలూ అంటుకుని పట్టీలా ఉండే రకం. పోలిక కోసం పడేసి వెళ్లాడు షాపాయన."

"పెద్దాయనకి ఆ సంగతి చెప్పావా?"

అంతసేపట్లో మొదటిసారి ఆమె మొహంలో చిన్న వెలుగు కనిపించింది. "చెప్పలేదు సార్. పళ్ల డాక్టరు మూడున్నరకి రమ్మన్నాడు. వచ్చాక చెబుదాం, పగలబడి నవ్వుతారు అనుకున్నాను. మిగతా రెండు జతలూ విప్పి పెట్టెలో సర్దేసి మూడూ ఇరవైకి బయల్దేరాను. గుడ్డ అలాగే ఉంచుకుని ఇంకాసేపు వింటానన్నారు." నవ్వించాలనుకున్న మాట ఆమె దగ్గరే మిగిలిపోయింది.

"తగిలించడం ఎలాగో చేతుల్తో చూపించు."

ఆమె బల్లకింద చేతులు పెట్టి, అటు చూడకుండానే లేని తీగని వేళ్లమధ్య తిప్పింది. "రెండింట్లో ఒకదానిమీద పొడుగునా సన్నటి గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. గోటికి తగులుతుంది. తీగ బిగించే మరలు ఎరుపొకటి, నలుపొకటి. గీత ఉన్నది నల్ల మరకి, నున్నటిది ఎర్ర మరకి. స్పీకరు దగ్గర మావయ్యగారు కట్టినా అంతే, ఇటు నేను కట్టినా అంతే. వాళ్ల స్టేషన్లో అదే పద్ధతట."

"తప్పు పెడితే?"

"రెండు పక్కలా తప్పు పెడితే ఏమీ కాదు. ఒక్క పక్కే తిరగబడితే స్పీకర్లు రెండూ కొట్లాడుకుంటాయి. ఒకటి తోస్తే ఇంకోటి లాగుతుంది. డ్రమ్ము చచ్చిపోతుంది. గొంతు మధ్యలోంచి పోయి గోడలకి అంటుకుంటుంది. మావయ్యగారైతే అర నిమిషం కూర్చోలేరు. ఒకసారి షాపులో అలా వినిపించారని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చేశారు."

"నాలాంటి ఒంటి చెవివాడికి ఎలా తెలుస్తుంది?"

"పెన్సిల్ బ్యాటరీ చాలు సార్. తీగ చివర్లకి అంటిస్తే స్పీకరు పొర ముందుకో వెనక్కో గెంతుతుంది. రెండూ ఒకే వైపుకి గెంతాలి."

"సంగీతం క్లాసు అయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆవులిస్తూ. "ఇక నా లెక్క వినండి. మూడూ ఇరవై అయిదుకి పాట ఆగింది. మూడూ ముప్పై అయిదుకి మళ్లీ మొదలైంది. పక్కవాటా టైలరు విన్నాడు. అంటే మూడూ ముప్పై అయిదుకి ముసలాయన బతికున్నాడు. ఈవిడ నాలుగూ పదికి డాక్టరు దగ్గర లేచింది. నడిస్తే అయిదు నిమిషాలు. కేకపెట్టింది నాలుగూ ముప్పై అయిదుకి. మధ్యలో ఇరవై నిమిషాలు ఏం చేసిందండీ? మందుల షాపు తీస్తారేమో అని మూసిన తలుపు ముందు నిలబడిందట! మెడమీద చిటికెన వేలంత వెడల్పున పట్టీ అచ్చు ఉంది. ఈవిడ హ్యాండ్‌బ్యాగుకి పట్టీ లేదు. పోయిన వారమే తెగిందట!"

"తెగింది కాబట్టే తెగిందన్నాను" అంది కోడలు.

"రోజూ ఆ ముసలాయన వెనక నిలబడి తీగలు మార్చడం ఈవిడ పని. విసుగెత్తదూ?"

"ఎత్తలేదు" అందామె. "ఆ ఇంట్లో నాకు ఏదైనా నేర్పింది ఆయన ఒక్కరే."

ఇన్‌స్పెక్టరు ఆ మాట చెవిన వేసుకోలేదు. చాదస్తం వేసుకున్నాడు.

రెండూ పావుకి పెద్దాయన ఇంటి తలుపు కొడుకు తీశాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. సభలకీ ఫంక్షన్లకీ మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. నిన్న పొద్దున్న చాదస్తం ఇంటికొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "నా భార్య ఏ పాపమూ ఎరగదు, ఎలాగైనా బయటికి తీసుకురండి" అని ఏడ్చినవాడు ఇతనే. రెండు రోజుల గడ్డం, రెండు రోజుల చొక్కా.

"ఏమైనా తెలిసిందా సార్? వాళ్లు తనని వదుల్తారా?"

"చూద్దాం."

గదిలో గోడ పక్కన రెండు పొడుగాటి స్పీకర్లు, ఎదురుగా ఒక్కటే కుర్చీ, కుర్చీ వెనక అర. రెండో మనిషి కూర్చోవడానికి ఆ గదిలో ముక్కాలిపీట కూడా లేదు. పోలీసులు గీసిన సుద్దముక్క గుర్తులు కుర్చీ చుట్టూ ఉన్నాయి. కొడుకు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావేం?"

"అలవాటు లేదండీ. పన్నెండేళ్లప్పుడు నాన్న ఇక్కడ కూర్చోబెట్టి రెండు పాటలు వినిపించి తేడా చెప్పమన్నారు. భయంతో నోరు పెగల్లేదు. 'వీడికి చెవుల్లేవు, బయటికి పంపండి' అన్నారు. ఆ తర్వాత పిలవలేదు. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవారు. నా పెళ్లిలో కూడా చెప్పారు. నేను పెట్టిన మైకులోనే."

"నీ భార్యకి మాత్రం అన్నీ నేర్పారు."

"అవునండీ. దానికి చెవులున్నాయట." అతను నవ్వబోయి మానేశాడు.

"మొన్న నువ్వెక్కడున్నావు?"

"నాలుగింటినుంచీ షాపులోనే. లారీకి సామాను ఎక్కిస్తున్నాం. అయిదుగురు మనుషులున్నారు, అడగండి."

నాలుగింటినుంచీ అని రాసుకున్నాడు చాదస్తం. తర్వాత మోకాళ్లు నొక్కుకుంటూ అర వెనక కూర్చుని టార్చి వేశాడు. యాంప్లిఫయరు వీపున నాలుగు మరలు. కుడి జతలో గోరు ఆనించాడు: గీత నలుపుకి, నునుపు ఎరుపుకి. ఎడమ జతలో ఆనించాడు.

గోరు ఎర్ర మర దగ్గర గీత మీద ఆగింది.

మళ్లీ చూశాడు. లేచి వెళ్లి స్పీకర్ల వెనక చూశాడు. అక్కడ రెండు వైపులా గీత నలుపుకే ఉంది. అంటే యాంప్లిఫయరు దగ్గర, ఎడమ పక్కన, ఒక్కచోటే తిరగబడింది. ఆ ఎడమ తీగలోనే చివరికి దగ్గర్లో మూరెడు మేర సాగి, మిగతాదానికన్నా పలచబడి ఉంది. జేబులోంచి పోస్ట్‌మార్టం కొలత తీసి పక్కన పెట్టాడు. చిటికెన వేలంత వెడల్పు, ఒక అంచున సన్నటి గీత. ఏ పట్టీ కోసమైతే ఇన్‌స్పెక్టరు రెండు రోజులుగా మురికి కాలవలు తోడిస్తున్నాడో, అది ఇక్కడే మరకి బిగించి ఉంది. పోలీసులు వచ్చేసరికి పాట పాడుతున్న తీగని ఎవరు అనుమానిస్తారు?

గుమ్మంలో ఉన్న కొడుకుని దాటుకుని వసారాలోకి వెళ్లి షాపాయనకి ఫోన్ చేశాడు.

"పట్టీ తీగ కట్టేటప్పుడు గీత ఏ మరకి పెడతావయ్యా?"

"నలుపుకేనండీ. నాకు నేర్పింది పెద్దాయనే. ఎరుపుకి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు లెండి, రెండువైపులా ఒకటే పద్ధతి పాటిస్తే గొడవ లేదు. ఎందుకు సార్?"

"ఊరికే" అని పెట్టేశాడు.

అయితే ఆ చెయ్యి తీగలకి కొత్త చెయ్యి కాదు. మర విప్పి, తిప్పి, నీటుగా బిగించింది. కానీ పెద్దాయన దగ్గర నేర్చుకున్న చెయ్యి కాదు. పెద్దాయన నేర్పనివాళ్లు లోకం నిండా ఉన్నారు, నిజమే. ఆ ఇంటి తాళం జేబులో ఉండి, ఆయన నేర్పనివాడు మాత్రం ఒక్కడే. నిన్న తన చేతులు పట్టుకుని ఏడ్చిన మనిషి కన్నీళ్లు నిజమైనవే. అదే చాదస్తానికి మింగుడు పడలేదు.

పక్కవాటా టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే మనిషి. ప్రశ్న అడగ్గానే సూదులు తీసి దిండుకి గుచ్చి, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"పోయినాయన్ని అనకూడదు గానీ సార్, ఆ డ్రమ్ముతో నా ప్రాణం తోడేశారు. గోడ ఇదే. ఆ బల్ల మీద గుండీల డబ్బా చూశారా? అక్కడ డ్రమ్ము కొడితే ఇక్కడ డబ్బా గలగల. రోజుకి మూడు గంటలు. నా భార్య అయితే గుండీలు లెక్కపెట్టుకోవడం మానేసి చెవులు మూసుకునేది."

"మొన్న?"

"రెండింటినుంచీ గలగల. మూడూ ఇరవై అయిదుకి ఠక్కున ఆగింది. బతికాం అనుకున్నా. కాసేపటికి స్కూలు బెల్లు వినపడింది, మూడున్నర బెల్లు. ఈ వాటాలో ఆ బెల్లు విని ఎన్నాళ్లయిందో! తర్వాత అయిదు నిమిషాలకి మళ్లీ పాట."

"మళ్లీ గలగల?"

టైలరు డబ్బా వైపు చూశాడు. "అదేంటి సార్... లేదు. పాట వినపడింది. ఇదివరకటికన్నా గట్టిగానే పెట్టారు. కానీ రేకు డబ్బాలో పాడినట్టు పీలగా ఉంది. నా డబ్బా కదల్లేదు. ఆ అమ్మాయి కేక వినపడేదాకా పని చక్కగా సాగింది. పాపం, పెద్దాయన నా మీద దయతలిచారనుకున్నాను."

"ఈ ముక్క ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"పాట వినపడిందా అని అడిగారు, వినపడిందన్నాను. గుండీల గురించి ఎవరడుగుతారు సార్?"

చాదస్తం అక్కడినుంచే స్టేషనుకి ఫోన్ చేశాడు. "ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్లే దారిలో పది నిమిషాలు ఇక్కడికి తీసుకురా."

"ఎందుకు? ఆత్మ వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"నేను ఓడిపోతే నీ మనుషులందరి ముందూ నవ్వుకోవచ్చు. అలాంటి అవకాశం వదులుకునే రకం కాదు నువ్వు."

"నాలుగింటికి. పది నిమిషాలే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాలుగూ అయిదుకి గదిలో అయిదుగురున్నారు. కోడలు, ఆమె పక్కన మహిళా కానిస్టేబులు, చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టరు, కుర్చీ వెనక చాదస్తం, గుమ్మంలో యథాప్రకారం కొడుకు. భార్యని చూడగానే కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అతన్ని చూసి తల ఊపింది, నేను బాగానే ఉన్నానన్నట్టు. గోడకి అవతల టైలరు డబ్బా పక్కన కాపలా ఉన్నాడు.

చాదస్తం కరెంటు తీసేశాడు. ఎర్ర మరల్లో ఉన్న తీగ చివరలకి తెల్ల టేపు ముక్కలు అంటించి, రెండు జతలూ విప్పాడు. గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడబీకాడు.

"టేపు ఉన్న చివర బ్యాటరీ నెత్తిన పెడతాను, లేనిది అడుగున. కుడి స్పీకరు చూడు."

అంటించాడు. 'టప్' మని స్పీకరు పొర ముందుకి గెంతింది.

"ఇప్పుడు ఎడమది."

పొర లోపలికి పోయింది.

ఇన్‌స్పెక్టరు వంగాడు. "మళ్లీ చెయ్యండి" అన్నాడు. మళ్లీ చేశాడు. మూడోసారి కూడా చేశాడు. మూడుసార్లూ కుడిది బయటికి, ఎడమది లోపలికి.

"ఇది నేను కట్టింది కాదు! ఆ రోజు లోపలికి రాగానే ఆయన్ని చూశాను, పాట ఎలా ఉందో చెవికెక్కలేదు" అంది కోడలు.

"నువ్వు తొందర్లో తప్పు కట్టి ఉంటావు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అలాగైతే మూడూ పదికి పెద్దాయన 'మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు' అని రాయరు, తిట్టి లేచిపోతారు" అన్నాడు చాదస్తం. "డ్రమ్ము మూడూ ఇరవై అయిదుదాకా మోగింది. అప్పుడు ఆగింది. మూడూ ముప్పై అయిదుకి మొదలైన పాటలో డ్రమ్ము లేదు. గోడవతల మనిషి సాక్ష్యం. ఆ పది నిమిషాల్లో ఎవరో ఈ ఎడమ తీగ పీకి మళ్లీ తగిలించారు. నీ పోస్ట్‌మార్టం కాగితం పక్కన పెట్టి ఈ సాగిన ముక్క కొలుచుకో. కాలవలు తోడే మనుషుల్ని ఇంటికి పంపెయ్."

ఇన్‌స్పెక్టరు తీగనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ సరిపోయాయి. అయినా తగ్గలేదు. "మూడూ ముప్పై అయిదుకి పాట పెట్టినవాడు బతికున్నట్టేగా?"

"పాట పెట్టినవాడు బతికే ఉన్నాడు. వింటున్నవాడే చచ్చాడు." చాదస్తం గొంతులో విజయమేమీ లేదు. "మూడూ ముప్పై అయిదుకి ఈ అమ్మాయి నోరు తెరుచుకుని పళ్ల డాక్టరు ముందు పడుకుని ఉంది. ఆయన సంతకం చేసిన కాగితం నీ ఫైల్లోనే ఉంది. చదివావో, నాలాగా చదవకుండానే ఉంచావో నాకు తెలీదు."

ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకుని కిటికీ వైపు తిరిగాడు. కోడలు గోడకి ఆనుకుని నిలబడి, అరచేతులతో మొహం కప్పుకుంది. కొడుకు గుమ్మం పట్టుకుని "హమ్మయ్య" అన్నాడు. అది కూడా నిజమైన హమ్మయ్యే.

ఇక్కడ ఆపేస్తే ఎలా ఉంటుంది అని ఒక్క క్షణం అనిపించింది చాదస్తానికి. అమ్మాయి బయటపడింది. అడిగిన పని అయిపోయింది. కానీ ఒకసారి చదవకుండా సంతకం పెట్టినవాడు రెండోసారి పెట్టలేడు. అతను టేపు ముక్కలు పీకేసి, కుడి జతని తనే మునుపటిలా బిగించాడు.

"నాకు దగ్గరి చూపు ఆనడం లేదు. బాబూ, నీ చేతికి అలవాటైన పనేగా, ఈ ఎడమది సరిగ్గా తగిలించు. ఒకసారి పాట విందాం."

కొడుకు తండ్రి గదిలోకి వచ్చాడు. అర వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. తీగని రెండు వేళ్ల మధ్య పెట్టి బొటనవేలితో ఒకసారి ఇటూ ఒకసారి అటూ తడిమాడు. గీత ఎటుందో చూసుకున్నాడు. ఈసారి పొరపాటు జరగకూడదన్నట్టు ఇంకోసారి చూసుకున్నాడు. అప్పుడు గీత ఉన్న తీగని ఎర్ర మరకి పెట్టి, ఒద్దికగా బిగించాడు.

తన అనుమానం తప్పవుతుందేమోనని చివరిదాకా ఆశపడ్డ చాదస్తం కళ్లు మూసుకున్నాడు.

కరెంటు వేశారు. పాట మొదలైంది. ఒంటి చెవితో అతనికి ఏ తేడా తెలియలేదు. గోడవతల నుంచి మాత్రం టైలరు కేక వినపడింది. "డబ్బా మోగట్లేదు సార్! ఆ రోజులాగే!"

కొడుకు అందరి మొహాలూ చూశాడు. "బాగానే ఉంది కదా?"

కోడలు కానిస్టేబుల్ని తప్పించుకుని అర దగ్గరికి వచ్చింది. మరల వైపు వంగి చూసింది. ఆమె వంగిన నడుము చాలాసేపు లేవలేదు.

"మన గదిలో రేడియో స్పీకర్లకి కూడా మీరు ఇలాగే కడతారు" అంది చివరికి.

"గీత ఎరుపుకేగా? మా షాపులో అందరూ..." అని మధ్యలో ఆగిపోయాడు.

"మూడున్నరకి ఎక్కడున్నావు?" అన్నాడు చాదస్తం.

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు కొడుకు. పక్కనే ఉన్న తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. "కేబుల్ చుట్ట ఇంట్లో మర్చిపోతే తీసుకోడానికొచ్చాను. గుడ్డ కట్టుకుని ఉన్నారు. చప్పుడు విని 'ఏమ్మా, వెళ్లలేదా?' అన్నారు, కోడలే అనుకుని. నేను పలకలేదు. నామీద కోపం లేనప్పుడు ఎలా మాట్లాడతారో విందామనిపించింది. 'ఈ తీగే ఉంచుదాం, ఇది పాడినంతకాలం నువ్వే వినాలి' అన్నారు. 'వాడు పుట్టకపోయినా ఫరవాలేదు, నువ్వు వచ్చావు, చాలు' అన్నారు. నవ్వుతూ చెప్పారండీ. పాట ఆపేశాను. పెట్టమని అరిచారు. తీగ పీకాను. అది చేతిలోనే ఉండిపోయింది."

పాట సాగుతూనే ఉంది. ఆమె భర్త వైపు చూసింది. "రెండు రోజులు నన్ను అక్కడ కూర్చోబెట్టారు."

"నిన్ను పట్టుకుంటారనుకోలేదు! లాయరుని పెట్టాను. ఈయన్ని పెట్టాను..."

"అందర్నీ పెట్టారు. నోరు మాత్రం విప్పలేదు."

ఆమె అర వైపు తిరిగి కరెంటు తీసేసింది. ఎడమ జత విప్పి, చూడకుండానే గోటితో గీత వెతికి నల్ల మరకి మార్చి బిగించింది. మళ్లీ కరెంటు వేసింది. మావగారికి చివరిసారి తగిలించినట్టే తగిలించింది.

పాట మొదలైంది. గోడవతల గుండీల డబ్బా గలగలలాడింది.

చాదస్తానికి ఇప్పుడూ తేడా తెలియలేదు. కానీ ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషి మొహం అతనికి కనిపిస్తోంది. కొడుకు తల మెల్లిగా పైకి లేచింది. ఎవరో పిలిచినట్టు రెండు స్పీకర్ల నడుమ ఖాళీ జాగా వైపు చూశాడు.

"గొంతు... మధ్యలోకి వచ్చింది" అన్నాడు.

కోడలు చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఆరేళ్లుగా లేవన్న చెవులు అవి. ఆ కుర్చీలో ఇంకొక్కసారి కూర్చోబెట్టి ఉంటే చాలు, ముగ్గురి బతుకులు మిగిలేవి. పెద్దాయన మీద చాదస్తానికి ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడి మీద కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక బ్యాటరీని పిడికిట్లో నొక్కి పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "లే."

"ఒక్క నిమిషం సార్" అన్నాడు కొడుకు, కళ్లు తిప్పకుండా. "పాట అయిపోనివ్వండి."

"అది అయిపోదు బాబూ" అన్నాడు చాదస్తం. "మళ్లీ మళ్లీ వచ్చేలా మొన్న నొక్కింది నువ్వే."

వెళ్లి అతనే ఆపేశాడు.